ఇంకా రాని యంత్రం కోసం ఇప్పుడే తాళాలు మార్చాలా?

మామ: అమరావతిలో 156 క్యూబిట్ల, అంటే క్వాంటం బిట్ల, ఐబీఎం క్వాంటం యంత్రం పెడతామని 2025 మేలో ఒప్పందం చేసుకున్నారు. టీసీఎస్, ఎల్ అండ్ టీ కూడా అందులో ఉన్నాయి. అంతకు రెండేళ్ళ ముందే, 2023 ఏప్రిల్‌లో, ఢిల్లీలో జాతీయ క్వాంటం మిషన్‌కి 6,003 కోట్ల పైచిలుకు రూపాయలు మంజూరు చేశారు. తెలుగువాళ్ళ గడ్డ మీదికి అలాంటి యంత్రం వస్తుందంటే విరుదునగర్‌లో ఉన్న నాకూ సంతోషమే. కానీ ఒక్కటి చెప్పు అల్లుడూ. మామూలు కంప్యూటరు చేయలేనిది, జనానికి అక్కరకొచ్చేది, ఆ యంత్రం ఈరోజు చేసి చూపగల పని ఒక్కటైనా ఉందా?

అల్లుడు: ఈరోజుకి లేదు మామా. 2019లో గూగుల్ తన 53 క్యూబిట్ల సికమోర్‌తో 200 సెకన్లలో ఒక లెక్క చేసి, సూపర్ కంప్యూటరుకైతే పదివేల ఏళ్ళు పడుతుందని చెప్పింది. రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే అడ్డు చెప్పింది. ఆ లెక్క కూడా యంత్రం సత్తా చూపడానికి కల్పించిందే తప్ప ఎవరి అవసరంలోంచీ పుట్టలేదు. అయితే నా వాదన ఈరోజు గురించి కాదు. తగినంత పెద్ద క్వాంటం యంత్రం ఉంటే పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం తేలికని 1994లో పీటర్ షోర్ నిరూపించాడు. అది కష్టమన్న నమ్మకం మీదే మన తాళాలు నిలబడి ఉన్నాయి. మీ బ్యాంకు వెబ్‌సైటు, ఆడిటరు పెట్టే డిజిటల్ సంతకం, ఫోన్‌లో డబ్బు పంపే దారి, అన్నీ ఆ లెక్క మీదో దాని దగ్గరి చుట్టం లాంటి మరో లెక్క మీదో ఆధారపడినవే. షోర్ పద్ధతి ఆ రెండింటినీ తెరుస్తుంది.

మామ: షోర్ కాగితం మీద నిరూపించి ముప్పై ఏళ్ళు దాటింది. యంత్రం మీద 2001లో 15ని విడగొట్టారు. 2012లో 21ని. బ్యాంకుల్లో వాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళంలోని సంఖ్యకు 617 అంకెలుంటాయి. పదకొండేళ్ళలో 15 నుంచి 21కి వచ్చిన పనివాడు 617 అంకెల దాకా ఎప్పుడు చేరతాడని నేను భయపడాలి?

అల్లుడు: 15, 21 అని లెక్కపెడితే దారి కనబడదు. అడ్డంకి క్యూబిట్లు చేసే తప్పుల్లో ఉంది. మంచి యంత్రంలో కూడా రెండు క్యూబిట్లను కలిపి చేసే పని దాదాపు వెయ్యిసార్లకు ఒకసారి తప్పుతుంది. షోర్ పద్ధతికి కోట్లకొద్దీ అడుగులు కావాలి కాబట్టి దారి మొదట్లోనే జవాబు చెడిపోతుంది. అందుకే చాలా క్యూబిట్లను జతచేసి, ఒకటి తప్పితే మిగతావి సవరించేలా ఒక్క నమ్మకమైన క్యూబిట్‌ను తయారుచేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్యూబిట్ల నాణ్యత ఒక హద్దుకు దిగువన ఉంటే, గుంపు పెంచేకొద్దీ సవరణల కంటే తప్పులే ఎక్కువవుతాయి. హద్దు దాటితే గుంపు పెంచేకొద్దీ తప్పులు తగ్గుతాయి. 2024 డిసెంబరులో గూగుల్ విల్లో చిప్ ఆ హద్దు దాటినట్టు చూపింది. 105 క్యూబిట్ల ఆ చిప్‌లో గుంపును ఒక్కో మెట్టు పెంచినప్పుడల్లా తప్పులు సగానికి పైగా తగ్గాయి. ముప్పై ఏళ్ళు కాగితం మీదున్న మాట యంత్రం మీద నిజమైంది. నా దృష్టిలో 21ని విడగొట్టడం కంటే అది వెయ్యి రెట్లు పెద్ద వార్త.

మామ: సరే, అది పెద్ద వార్తే. ఆ చిప్‌లో దాదాపు అన్ని క్యూబిట్లూ కలిస్తే ఒకే ఒక్క నమ్మకమైన క్యూబిట్ తయారైంది గదా?

అల్లుడు: ఒక్కటే. అది కూడా సమాచారాన్ని చెడకుండా దాచి ఉంచడానికే, దానితో పెద్ద లెక్కలేవీ చేయలేదు. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. 617 అంకెల సంఖ్యను ఎనిమిది గంటల్లో విడగొట్టాలంటే 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా లెక్క కట్టారు. అదే గిడ్నీ 2025 మేలో మళ్ళీ లెక్క కట్టి, వారం రోజుల్లోపు పని ముగించడానికి 10 లక్షల కంటే తక్కువ చాలన్నాడు. ఆరేళ్ళలో అవసరం ఇరవయ్యో వంతుకు పడిపోయింది. అటు యంత్రం పెరుగుతా ఉంది, ఇటు లక్ష్యమే దగ్గరికి జరిగి వస్తా ఉంది.

మామ: ఆ రెండో మాట నన్ను కదిలించింది. యంత్రం ఎప్పుడొస్తుందో తెలియకపోయినా, అది రాకముందే నష్టం మొదలైందన్నది నాకు ఇంతకంటే పెద్ద దిగులు. ఈరోజు తీగ మీద పోయే సమాచారాన్ని ఎవడైనా పట్టి దాచుకుంటే, యంత్రం వచ్చిన రోజున తెరిచి చదువుకోగలడు. ఓటీపీ అయితే ఐదు నిమిషాల్లో చచ్చిపోతుంది, దాని గురించి చింత లేదు. ఒక మనిషి జబ్బుల చరిత్ర? వేలిముద్ర? అవి ఆ మనిషి బతికినంత కాలం రహస్యంగా ఉండాలి. పాస్‌వర్డు మార్చినట్టు వేలిముద్ర మార్చుకోలేం. కాబట్టి ప్రమాదం ఉందా లేదా అన్నదాని మీద నీతో నాకు తగవు లేదు. తగవంతా మందు గురించి. మీవాళ్ళు చెప్పే మందు ఇంకో క్వాంటం యంత్రం.

అల్లుడు: ఆ మందు గురించి వ్యాసం వచ్చింది మన పక్క రాష్ట్రంలోనే మామా. 1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన సదస్సులో చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్ దాన్ని సమర్పించారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలూ ఆ ఏడూ కలిపి ఇప్పటికీ దాన్ని బీబీ84 అనే పిలుస్తారు. మన వైపు పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద చేతులు దాచి, వేళ్ళు పట్టుకుని ధర తేల్చడం మీరు చూసిందే. ఆ ధర తెలుసుకోవాలంటే మూడోవాడు కూడా తువ్వాలు కింద చెయ్యి పెట్టాలి, పెట్టాడంటే దొరికిపోతాడు. బీబీ84లో అదే పని ప్రకృతి చేస్తుంది. తాళంచెవి పంచుకోవడానికి ఒక్కో కాంతి కణాన్ని, ఒక్కో ఫోటాన్‌ను, రెండు రకాల అమరికల్లో ఏదో ఒకదానిలో పెట్టి పంపుతాం. ఏ రకంలో పెట్టామో దొంగకు తెలియదు. వాడు కొలవడానికి ఊహించుకున్న అమరిక సగంసార్లు తప్పవుతుంది, తప్పుగా కొలిస్తే ఫోటాన్ స్థితి చెదిరిపోతుంది. ఒక నకలు తీసి దాచుకుందామంటే తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం సాధ్యం కాదని 1982లోనే నిరూపించారు. దొంగ ప్రతి ఫోటాన్‌నీ తడిమితే చివరికి మిగిలిన తాళంచెవిలో నాలుగో వంతు తప్పులుంటాయి. ఇటువాళ్ళూ అటువాళ్ళూ కొన్ని బిట్లు పోల్చి చూసుకుంటే చాలు, విషయం బయటపడుతుంది. గణితం కష్టమన్న నమ్మకంతో ఇక్కడ పని లేదు. రేపు ఎంత పెద్ద యంత్రం వచ్చినా ఈ తాళం తెరుచుకోదు.

మామ: చెప్పడానికి ఇంతకంటే అందమైన పద్ధతి లేదు. కానీ ఆ ఫోటాన్ ఎంత దూరం పోతుందో కూడా చెప్పు.

అల్లుడు: మంచి గాజు తీగలో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ కాంతి పోతుంది.

మామ: మన ఊళ్ళ లెక్కలో చెబుతా విను. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కి దాదాపు 50 కిలోమీటర్లు. నువ్వు పది ఫోటాన్లు పంపితే నాకు ఒకటి చేరుతుంది. ఫరవాలేదు, పని నడుస్తుంది. విరుదునగర్ నుంచి చెన్నైకి దాదాపు 500 కిలోమీటర్లు. అక్కడికి వెయ్యి కోట్లలో ఒక్కటి చేరుతుంది. మామూలు ఫోన్ తీగలో అయితే మధ్యలో యంత్రం పెట్టి కాంతిని మళ్ళీ పెంచుతారు. నీ ఫోటాన్‌ను పెంచడం కుదరదు, ఎందుకంటే నకలు తీయడం సాధ్యం కాదని నువ్వే అన్నావు. నీ బలమే నీకు అడ్డం వచ్చింది. అప్పుడేం చేస్తారు? మధ్యలో తిరుచ్చిలో, విళుప్పురంలో ఒక్కో గది కట్టి, అక్కడ తాళంచెవిని విప్పి, మళ్ళీ కొత్తగా పంపుతారు. చైనావాళ్ళు 2017లో బీజింగ్ నుంచి షాంఘైకి వేసిన 2,000 కిలోమీటర్ల లైను అట్లాంటిదే, దారి పొడుగునా నమ్మకమైన గదులు. ఆ గదిలో తాళంచెవి ఏ ముసుగూ లేకుండా ఉంటుంది. ఆ గది కాపలా మనిషికి ప్రకృతి నియమం వర్తించదు.

అల్లుడు: గదుల సంగతి నిజం. అయితే దూరం తగ్గని సమస్యేమీ కాదు. 2018లో వచ్చిన జంట క్షేత్ర పద్ధతితో 2023లో చైనాలోనే మధ్యలో నమ్మవలసిన గది ఒక్కటీ లేకుండా 1,002 కిలోమీటర్ల తీగ మీద తాళంచెవి పంచారు. అంత దూరంలో సెకనుకు ఒక్క బిట్టు కూడా రాలేదనుకోండి. ఆకాశం దారి ఇంకొకటి ఉంది. గాలి పొర దాటాక కాంతిని తినేది ఏదీ లేదు. 2017లో మిసియస్ ఉపగ్రహం ద్వారా బీజింగ్, వియన్నా నగరాల మధ్య తాళంచెవి పంచి వీడియో కాల్ మాట్లాడారు. మనవాళ్ళూ ఊరికే లేరు. అహ్మదాబాద్‌లో ఇస్రో 2021లో 300 మీటర్ల గాలిలో చేసి చూపింది. 2022లో డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ కలిసి ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్‌కి 100 కిలోమీటర్లకు పైగా తీగ మీద చేశాయి. జాతీయ మిషన్ 2,000 కిలోమీటర్ల ఉపగ్రహ లైను లక్ష్యంగా పెట్టుకుంది, ఆ విభాగం బాధ్యత ఐఐటీ మద్రాసుదే.

మామ: ఉపగ్రహం కూడా ఆ నమ్మకమైన గదే గదా, పైన తిరుగుతుంది అంతే. ఇంకా రెండు మాటలున్నాయి. మొదటిది, నాతో తాళంచెవి పంచుకుంటున్నది నువ్వేనని నాకెట్లా తెలుస్తుంది? దొంగ మధ్యలో కూర్చుని నాకు నువ్వుగా, నీకు నేనుగా నటిస్తే ఫోటాన్ ఏం చేస్తుంది? అందుకే బీబీ84కి ముందే ఇద్దరి మధ్య ఒక చిన్న రహస్యమో, నమ్మదగ్గ సంతకమో ఉండాలి. ఆ సంతకం మళ్ళీ గణితమే. రెండోది, 2010లో నార్వేలో మకరోవ్ అనే పరిశోధకుడి బృందం అమ్మకానికి ఉన్న క్వాంటం పరికరాల్లోకి గట్టి వెలుగు కొట్టి, ఫోటాన్‌ను పట్టే భాగానికి కళ్ళు కనబడకుండా చేసి, ఎవరికీ అనుమానం రాకుండా తాళంచెవి మొత్తం లాగవచ్చని చూపింది. నియమం చెక్కుచెదరలేదు. పరికరమే మోసపోయింది.

అల్లుడు: కన్ను కప్పే దాడికి రెండేళ్ళలో విరుగుడు కనిపెట్టారు. ఫోటాన్‌ను పట్టే పరికరం దొంగ చేతిలోనే ఉన్నా తాళంచెవి భద్రంగా ఉండే పద్ధతి 2012లో వచ్చింది. సంతకం మాట మాత్రం కాదనలేను. అయితే అందులో ఒక తేడా ఉంది. తాళంచెవి పంచుకునే క్షణంలో సంతకం గట్టిగా ఉంటే చాలు. పదేళ్ళ తర్వాత ఆ సంతకం విరిగినా, అప్పటి తాళంచెవి బయటపడదు. దాచుకుని తర్వాత తెరిచే దొంగ గురించి మీరే దిగులు పడ్డారు. ఆ దొంగకు పూర్తిగా తలుపు మూసేది ఇదొక్కటే. మీరు నమ్ముకున్న మందు, కొత్త గణితపు తాళం, ఆ హామీ ఇస్తుందా?

మామ: హామీ ఇవ్వదు. కానీ నా ఫోన్‌లోకి వస్తుంది. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మూడు కొత్త పద్ధతులను ఖాయం చేసింది. క్వాంటం యంత్రానికి కూడా కష్టమని నమ్మే లెక్కల మీద కట్టినవి, వాటిలో రెండు జాలకాల గణితం మీద నడుస్తాయి. వాటికి కొత్త తీగ వద్దు, ఉపగ్రహం వద్దు. సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. సిగ్నల్ యాప్ 2023లోనే అట్లాంటి పద్ధతికి మారింది, ఆపిల్ ఐమెసేజ్ 2024లో మారింది. చేతిలో ఫోన్ పట్టుకుని క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపే మనిషి దగ్గరికి నీ గాజు తీగ ఎట్లా వస్తుంది? ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ భద్రతా సంస్థలు 2024 జనవరిలో కలిసి ఇదే చెప్పాయి. క్వాంటం తాళాలు ప్రస్తుతం కొన్ని ప్రత్యేకమైన చోట్లకే పనికొస్తాయి, ముందు గణితపు తాళాలకు మారండి అని.

అల్లుడు: ఆ గణితపు తాళాల చరిత్ర కూడా చూడండి. నిస్ట్ పోటీలో నాలుగో విడత దాకా వచ్చిన సైక్ పద్ధతిని 2022లో ఇద్దరు బెల్జియం పరిశోధకులు ఒక్క మామూలు ప్రాసెసర్ మీద గంటసేపట్లో విరగ్గొట్టారు. క్వాంటం యంత్రం అవసరమే రాలేదు. తుది జాబితా దాకా వచ్చిన రెయిన్‌బో సంతకాన్ని అదే ఏడు ఒక ల్యాప్‌టాప్ మీద విరగ్గొట్టారు. ఇంక మీరు నమ్ముకున్న జాలకాలు. 2024 ఏప్రిల్‌లో యీలే చెన్ అనే పరిశోధకుడు జాలకాల లెక్కకు క్వాంటం పద్ధతి కనిపెట్టానని వ్యాసం పెట్టాడు. ఎనిమిది రోజులు ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి చదివింది. ఎనిమిదో రోజున అందులో తప్పు దొరికింది. తప్పు దొరకకపోయి ఉంటే? నిస్ట్ ప్రమాణాలు బయటికి రాకముందే వాటి మీద నమ్మకం కదిలిపోయేది. ఎవరికీ ఇంకా తెలియలేదన్న ఒక్క మాట మీదే కదా మామా మీ తాళం నిలబడింది!

మామ: ఆ ఎనిమిది రోజుల సంగతి నేనూ మరిచిపోలేదు. అందుకే పాత తాళం తీసెయ్యకుండా దాని మీద కొత్తది కూడా వెయ్యమంటాను. సిగ్నల్ అట్లాగే చేసింది. రెండూ విరిగితే తప్ప తలుపు తెరుచుకోదు. దేశ రక్షణకు, రిజర్వు బ్యాంకు లాంటి చోటికి, దూరం తక్కువగా ఉన్నచోట, మూడో తాళంగా నీ ఫోటాన్ లైను కూడా వెయ్యి, నేను అడ్డం చెప్పను. నా అభ్యంతరం వరుస గురించే. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఏమైంది? ఇంటర్నెట్‌కు కలిపిన పరిపాలన విభాగం కంప్యూటరు ఒకదానిలో దొంగ సాఫ్ట్‌వేర్ దొరికింది. రియాక్టరును నడిపే వ్యవస్థ వేరుగా ఉంది కాబట్టి దానికేమీ కాలేదని అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ చెప్పింది. అక్కడ ఎవరూ 617 అంకెల సంఖ్యను విడగొట్టలేదు. తాళం జోలికి పోకుండా పక్క కిటికీలోంచి వచ్చారు. మన దేశంలో జనం డబ్బు పోయేది ఎక్కువగా ఆ కిటికీల్లోంచే. ఫోన్ చేసి ఓటీపీ అడిగి తీసుకున్నవాడిని ఏ ఫోటాన్ ఆపుతుంది?

అల్లుడు: ఏ గణితమూ ఆపదు. ఆ లెక్కన మీ కొత్త తాళాలూ వద్దనాలి. కిటికీ తెరిచి ఉందని తలుపు పుచ్చిపోనివ్వలేం. మీరు వరుస అన్నారు, ఆ వరుసలో నాకు భయం ఇంకొకటి. చిప్పుల తయారీలో మనం వెనకబడి, ఇప్పుడు దాదాపు ప్రతి చిప్పుకూ బయటివాళ్ళ వైపు చూస్తున్నాం. యంత్రం అక్కరకొచ్చిన రోజున నేర్చుకుందామంటే, నేర్పేవాళ్ళే ఉండరు. కోవిల్‌పట్టిలో నా దగ్గర చదివే పిల్లలకు నిజమైన క్యూబిట్ మీద పని చేసే అవకాశం ఇవ్వాలి. 156 క్యూబిట్ల యంత్రం ఏ తాళాన్నీ తెరవలేకపోవచ్చు, తప్పులు ఎట్లా వస్తాయో, ఎట్లా సవరించాలో దాని మీదే నేర్చుకోవాలి.

మామ: చదువు కోసమంటే ఒక్క రూపాయికీ అడ్డు చెప్పను. కానీ అది చదువు కోసమని చెప్పి తేవాలి. ఇప్పుడు సభల్లో ఏం చెబుతున్నారు? అన్ని జవాబులూ ఒకేసారి చూసేస్తుంది, లారీల దారి నుంచి కొత్త మందుల దాకా అన్నీ తేల్చేస్తుంది అంటున్నారు. నువ్వు ఆ మాట ఒప్పుకుంటావా?

అల్లుడు: ఒప్పుకోను, క్లాసులో ఆ మాట వింటే ఆపేస్తాను. అన్ని జవాబులూ ఒకేసారి యంత్రంలో ఉండటం నిజమే. చదివేటప్పుడు చేతికి వచ్చేది ఒక్కటే, అది ఏదైనా కావచ్చు. తప్పు జవాబులు ఒకదాన్నొకటి చెరిపేసుకుని సరైనది మిగిలేలా లెక్కను అల్లగలిగితేనే లాభం. అట్లా అల్లడానికి వీలైన లెక్కలు చాలా తక్కువ, షోర్ చేతికి దొరికినది అట్లాంటిదే. లారీల దారి లాంటి వాటికి 1996లో లవ్ గ్రోవర్ ఇచ్చిన పద్ధతితో కొంత వేగం వస్తుంది, పది లక్షల ప్రయత్నాలు వెయ్యికి తగ్గుతాయి. అంతకు మించి వస్తుందని ఎవరూ నిరూపించలేదు. గ్రోవర్ పద్ధతి వల్ల ఇద్దరూ ఒకే తాళంచెవి వాడే మామూలు తాళాలకు, ఏఈఎస్ లాంటివాటికి, పెద్ద ప్రమాదం లేదు, 256 బిట్లకు పెంచితే సరిపోతుంది. నేను నిజంగా ఆశ పెట్టుకున్నది రసాయనం మీద. మన కోవిల్‌పట్టి కడలైమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, ఆ వేరుశనగ వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవి, గాలిలోని నత్రజనిని మట్టి వేడిమిలోనే మొక్కకు తిండిగా మారుస్తుంది. అదే పని ఎరువుల ఫ్యాక్టరీలో చేయాలంటే 400 డిగ్రీలకు పైగా వేడి, గాలి పీడనానికి వందరెట్లకు మించిన ఒత్తిడి కావాలి. ఆ జీవిలో ఈ పని చేసేది ఇనుము, మాలిబ్డినం కలిసిన చిన్న గుత్తి. అందులో ఎలక్ట్రాన్లు ఎట్లా కదులుతాయో మామూలు కంప్యూటరు సరిగ్గా లెక్క కట్టలేకపోతోంది. 40 లక్షల క్యూబిట్లుంటే నాలుగు రోజుల్లో కట్టవచ్చని 2021లో ఒక అంచనా వచ్చింది. తూత్తుకుడి ఎరువుల ఫ్యాక్టరీ కాల్చే ఇంధనం గుర్తొచ్చినప్పుడల్లా ఈ యంత్రం రావాలని నాకు మనసారా అనిపిస్తుంది.

మామ: ఆ ఆశ మంచిది, నాకూ నచ్చింది. అయినా లెక్క కట్టడం వేరు, ఆ గుత్తిని ఫ్యాక్టరీలో చేసి నడపడం వేరు. రసాయనంలో క్వాంటం యంత్రానికి అంత పెద్ద ఆధిక్యం ఉంటుందనడానికి సాక్ష్యం ఇంకా దొరకలేదని 2023లో గార్నెట్ చాన్ వాళ్ళు రాసిన వ్యాసం నువ్వూ చదివే ఉంటావు. మామూలు కంప్యూటర్ల పద్ధతులూ ఏటేటా మెరుగవుతూనే ఉన్నాయి.

అల్లుడు: చదివాను. సాక్ష్యం లేదన్నారు, అసాధ్యం అనలేదు. కట్టి చూస్తే తప్ప తేలదు.

మామ: అయితే నువ్వు కట్టు. కట్టేలోపు తాళాలు మార్చే పని ఆగకూడదు, నేను పట్టు వదలనిది ఆ ఒక్కదాని మీదే. 2000 నాటి ఐటీ చట్టం కింద పెట్టిన డిజిటల్ సంతకాలు కోర్టులో చెల్లుతున్నాయి. ఎవడో ఒకడు ఆ సంతకాన్ని దొంగగా పెట్టగలిగిన రోజున, పత్రం ఎప్పటిదో, సంతకం ఎవరిదో తేల్చడం ఎవరివల్లా కాదు. బ్యాంకుల్లో సాఫ్ట్‌వేర్ మార్చడం ఎంత నిదానంగా జరుగుతుందో లోపల పని చేసినవాడిగా చెబుతున్నాను. ఏ గదిలో, ఏ పెట్టెలో, ఏ పాత యంత్రంలో ఏ తాళం ఉందో జాబితా రాయడానికే ఏళ్ళు పడుతుంది. ఆ జాబితా రాయడానికి క్వాంటం యంత్రం అక్కరలేదు, కాగితం, నిజాయితీ ఉంటే చాలు.

అల్లుడు: జాబితా విషయంలో మీ మాటే నా మాట. డబ్బు విషయంలో ఇంకా ఒప్పుకోలేదు.

మామ: ఒప్పుకోవద్దు. ఇద్దరికీ గడువు మాత్రం ఒకటే. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ స్థాయి తాళాలను 2030 తర్వాత వదులుకోవాలని, ఆర్‌ఎస్‌ఏనీ దాని చుట్టాలనీ 2035 తర్వాత అసలు వాడకూడదని నిస్ట్ 2024 నవంబరు ముసాయిదాలో రాసింది. మన జాతీయ మిషన్ గడువు 2030-31తో ముగుస్తుంది. ఇది చదివేవాళ్ళు తమ బ్యాంకును, ఆసుపత్రిని, పిల్లల కాలేజీని ఒక ప్రశ్న అడగాలి: మా వివరాలకు ఏ తాళం వేశారు, దాన్ని ఏ ఏడులో మారుస్తారు?